పాత మియాటాను రోడ్డుకూ ట్రాక్‌కూ సిద్ధం చేయడం: మార్పులు ఏ వరసలో చేయాలి?

రెండుసీట్లవాడు:

నా దగ్గర 1992లో తయారైన మాజ్దా ఎంఎక్స్-5 ఉంది. అందరూ మియాటా అని పిలిచే చిన్న ఓపెన్‌టాప్ కారే అది. 1.6 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లు, పవర్ స్టీరింగ్ లేదు. ఓడోమీటరు 1,68,000 కిలోమీటర్లు చూపిస్తోంది. నిజమేనని నమ్ముతున్నాను గానీ ప్రమాణం చేయలేను. రెండేళ్లుగా వారంలో మూడు నాలుగు రోజులు ఈ బండిలోనే పనికి వెళ్తున్నాను. ఈ మధ్య రెండు ఆటోక్రాస్ పోటీలకూ (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య గడియారంతో పోటీ) ఒక ట్రాక్ డేకూ (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) వెళ్లి వచ్చాక రుచి మరిగాను. వచ్చే ఏడాది ఔత్సాహికుల రేసింగ్‌లో ఏదో ఒక తరగతిలో పేరు నమోదు చేసుకోవాలని ఉంది, అయితే ఆ క్రమంలో బండి రోజువారీ వాడకానికి పనికిరాకుండా పోకూడదు.

ట్రాక్ మీద రెండు విషయాలు గమనించాను. మొదటిది, తిన్నని దారి వచ్చినప్పుడల్లా నన్ను అందరూ దాటిపోయారు. కొత్తగా ఉన్నప్పుడే దాదాపు 115 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజిన్ ఇప్పుడు అందులో ఎంత ఇస్తోందో తెలియదు. రెండవది, నాలుగో రౌండులో బ్రేక్ పెడల్ మెత్తబడి, ఐదో రౌండుకు సగం దాకా దిగిపోయింది. బండిని పక్కకు తీసి ఇరవై నిమిషాలు ఆపిన తరువాత మళ్లీ కొంత గట్టిపడింది. చక్రం సందులోంచి బ్రేక్ ప్యాడ్లు చూస్తే సగానికి పైగా మిగిలే ఉన్నాయి, కాబట్టి డిస్కులే చిన్నవేమోనని అనుకుంటున్నాను.

టర్బో కిట్, పెద్ద బ్రేకులు, 17 అంగుళాల చక్రాలు, బండిని కిందికి దించే పొట్టి స్ప్రింగులు అని ఒక జాబితా రాసుకున్నాను. అన్నీ ఒకేసారి చేయడం నా వల్ల కాదు, ఏడాది పొడవునా విడతలుగా చేయగలను. మీలో ఈ దారిలో నడిచినవారు ఉంటే దేనితో మొదలు పెట్టాలో చెప్పగలరా?


స్పానర్‌ధారి:

రెండుసీట్లవాడు గారూ, మీరు టర్బో గురించి అడిగారు గానీ మీ ప్రశ్న చదువుతుంటే నేను ఆగిపోయింది ఆ నాలుగో రౌండు దగ్గర. ప్యాడ్ వేడెక్కి పట్టు తప్పితే పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తబడి కిందికి దిగిందంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లో బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. ద్రవం నొక్కినా నలగదు, ఆవిరి నలుగుతుంది, కాబట్టి మీ పాదం బలమంతా ఆ బుడగలను నలపడానికే ఖర్చయింది. చల్లబడగానే ఆవిరి తిరిగి ద్రవమవుతుంది. ఇరవై నిమిషాల తరువాత పెడల్ పైకి లేవడానికి కారణం అదే. పెద్ద డిస్కులు వేస్తే వేడి కొంత నెమ్మదిగా పెరుగుతుందేమో గానీ, లోపల ఉన్నది అదే పాత ఆయిల్ అయితే నాలుగో రౌండుకు బదులు ఆరో రౌండులో అదే అనుభవం ఎదురవుతుంది.

ఆ వేడి ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. డ్రైవరుతో కలిపి 1,100 కిలోల బండిని గంటకు 150 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తేవాలంటే దాదాపు 800 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. రెండు లీటర్లకు పైగా చల్లని నీటిని మరిగించగల వేడి అది, అదీ మూడు నాలుగు సెకన్లలో, రౌండుకు ఎన్ని గట్టి మలుపులుంటే అన్నిసార్లు. బ్రేక్ ఆయిళ్లలో డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం; డాట్ 4కు అది 230 డిగ్రీలు, డాట్ 5.1కు 260. అయితే ఈ ఆయిళ్లన్నీ గాలిలోని తేమను పీల్చుకుంటాయి, వాటిలో 3.7 శాతం నీరు చేరాక పాటించవలసిన కనీస మరుగు స్థానాలు వరసగా 140, 155, 180 డిగ్రీలు మాత్రమే. మీ బండిలో ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో మీకు గుర్తు లేకపోతే, మార్చి చాలా కాలమైందనే అనుకోండి. డాట్ 5 అని రాసి ఉన్న డబ్బాను మాత్రం ముట్టుకోకండి. పేరు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ ఆయిల్, మిగిలిన వాటితో కలవదు.

ఈ పాఠం నేను కష్టపడే నేర్చుకున్నాను. తొలి ఏడాది నేను ముచ్చటపడి చిల్లుల డిస్కులు తెచ్చి బిగించుకున్నాను గానీ ఆయిల్ జోలికి పోలేదు. గట్టి మలుపు ముందు తొక్కిన పెడల్ కింద పరచిన మ్యాటుకు తగిలింది. వెంటవెంటనే రెండు మూడు సార్లు పంపు చేస్తే కొంత పట్టు దొరికింది, మిగిలిన పని మలుపు పక్కనున్న కంకర చేసింది. ఆ సాయంత్రం బ్లీడ్ చేస్తుంటే (పాత ఆయిల్‌నూ బుడగలనూ బయటికి తీస్తుంటే) గొట్టంలో వచ్చిన ఆయిల్ డికాషన్ రంగులో ఉంది, దాని వెంట సన్నని బుడగల వరస ఆగకుండా వస్తూనే ఉంది.

కాబట్టి మొదట మంచి డాట్ 4 ఆయిల్‌తో నాలుగు చక్రాలనూ బ్లీడ్ చేయండి. ముప్పై ఏళ్ల నాటి రబ్బరు బ్రేక్ గొట్టాలు ఎలాగూ మార్చాలి గనక, వాటి బదులు స్టీలు అల్లిక ఉన్నవి వేయండి. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు చేత్తో నెడితే కదులుతున్నాయో లేదో చూసి, గ్రీజు పెట్టండి. ప్యాడ్ల విషయంలో రోడ్డుకూ ట్రాక్‌కూ ఒకటే చాలునని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను: ట్రాక్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టదు, ఉదయం ఇంటి మలుపు దాటగానే ఎవరైనా అడ్డం వస్తే అది మీకు కావలసినప్పుడు పనిచేయదు. రెండు సెట్లు ఉంచుకుని ట్రాక్ రోజున మార్చుకోండి. అలవాటైతే ముందు చక్రాలకు అరగంట పని. ఇవన్నీ చేసిన తరువాత కూడా చాలకపోతే, 1.8 లీటర్ల మియాటా తాలూకు ముందు బ్రేకులు మీ బండికి ఎక్కుతాయి. మీ డిస్కు 235 మిల్లీమీటర్లు, దానిది 255.

ఇంజిన్ చల్లదనం గురించి కూడా ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే టర్బో పెట్టినా పెట్టకపోయినా ఇది తప్పదు. ఈ ఇంజిన్ కుటుంబం మొదట ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే కార్లలో అడ్డంగా అమర్చడానికి పుట్టింది. మియాటాలో దాన్ని బండి పొడవునా పెట్టినప్పుడు నీరు బయటికి పోయే దారిని సిలిండర్ హెడ్డు ముందు వైపుకు తెచ్చారు. నీటి పంపూ ముందే, బయటికి దారీ ముందే అయ్యేసరికి, వెనక గోడకు ఆనుకుని ఉన్న నాలుగో సిలిండర్ దగ్గర నీటి ప్రవాహం తక్కువ. రోడ్డు మీద ఇది ఎవరికీ తెలియదు. ఇరవై నిమిషాలు 6,000 ఆర్‌పీఎం దాటించి నడిపితే తెలుస్తుంది. రేడియేటర్ పైనున్న ప్లాస్టిక్ భాగం నలుపు వదిలి పచ్చగానో గోధుమ రంగుకో తిరిగి ఉంటే దాని ఆయుష్షు తీరినట్లే, పగిలే దాకా ఆగకండి. టైమింగ్ బెల్ట్ దాదాపు లక్ష కిలోమీటర్లకు ఒకసారి మార్చవలసినది. దాన్ని విప్పినప్పుడే వాటర్ పంపు, సీళ్లు కూడా మార్చేయండి.

అదే సమయంలో క్రాంక్ పుల్లీ బోల్టు చుట్టూ ఉన్న గాట్లు లెక్కపెట్టండి. తొలి బండ్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొన, అంటే ముక్కు, పొట్టిది, అక్కడ పుల్లీని జారకుండా పట్టే కీ అనే ఇనుప ముక్క వదులై గాడి అరిగిపోయే జబ్బు ఉండేది. నాలుగు గాట్లు ఉంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే తరువాత మార్చిన పొడవు ముక్కు. మీది 1992 బండి కాబట్టి ఎనిమిదే ఉండాలి, కాకపోతే ముప్పై ఏళ్లలో ఎవరైనా ఇంజిన్ మార్చి ఉండవచ్చు.


టైరుసుద్ద:

స్పానర్‌ధారి గారు బ్రేకుల గురించి చెప్పిన తరువాత నేను కలపవలసింది లేదు. నేను చక్రాల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే 17 అంగుళాలు అనే మాట చూసి మనసు చివుక్కుమంది.

మీ బండి పుట్టినప్పటి టైరు 185/60 ఆర్14, దాని వ్యాసం దాదాపు 578 మిల్లీమీటర్లు. 195/50 ఆర్15 వేస్తే 576, అంటే గేరింగ్ గానీ స్పీడోమీటరు గానీ మారదు. 205/40 ఆర్17 వేస్తే 596 అవుతుంది, ప్రతి గేరూ మూడు శాతం పొడవవుతుంది. తిన్నని దారిలో వెనకబడుతున్నానని బాధపడే మీరు, చక్రాలు మార్చి ఇంజిన్ మీద ఇంకొంత భారం మోపబోతున్నారన్నమాట. అది చాలదన్నట్టు పెద్ద చక్రం బరువు కూడా ఎక్కువ, ఆ బరువంతా స్ప్రింగు కింద వేలాడుతుంది. ఈ బండికి 15 అంగుళాల చక్రాలకే మంచి టైర్లు ఎక్కువ రకాలు దొరుకుతాయి. ఏడు అంగుళాల వెడల్పున్న తేలిక చక్రాలు, వాటికి ట్రెడ్‌వేర్ 200 తరగతి (రబ్బరు మెత్తగా, పట్టు ఎక్కువగా ఉండే) టైర్లు వేసుకుంటే, తడి రోడ్డు మీద కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపే షరతు మీద, రెండు పనులూ జరుగుతాయి.

దానికి ముందు ఇప్పుడున్న టైర్ల పక్క గోడ మీద DOT అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరస చివర ఉన్న నాలుగంకెలు చూడండి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. టైరు గాడులు లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే గట్టిపడిపోతుంది, బొటనవేలి గోరు గుచ్చినా దిగదు. బండి పట్టు లేదని స్ప్రింగులు, బార్లు, స్ట్రట్ బ్రేసులు కొనుక్కుంటూ పోయినవారిలో సగం మందికి కావలసింది కొత్త టైర్లేనని నా అభిప్రాయం.

పొట్టి స్ప్రింగుల విషయంలో ఒక హెచ్చరిక. ఈ బండి సస్పెన్షన్ మొదటి నుంచీ తక్కువ దూరమే కదులుతుంది, ముఖ్యంగా ముందు వైపు. పాత షాక్ అబ్జార్బర్లను అలాగే ఉంచి స్ప్రింగులు మాత్రమే పొట్టివి వేస్తే, మలుపులో బండి, సస్పెన్షన్ కదలిక చివర అడ్డుగా ఉండే బంప్ స్టాపు రబ్బరు మీద కూర్చుంటుంది. ఆ క్షణాన స్ప్రింగు ఒక్కసారిగా రాయిలా మారినట్లే, ముందు చక్రాలు జారిపోతాయి. నడిపేవాడు మాత్రం బండి గట్టిగా ఉందని సంతోషిస్తాడు. స్ప్రింగు, షాక్, బంప్ స్టాపు మూడూ ఒకదానికొకటి తగినవిగా ఒకేసారి మార్చండి, లేదా ఇప్పటికి మార్చకండి.

ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది వీల్ అలైన్‌మెంట్. ముందూ వెనకా డబుల్ విష్‌బోన్లు ఉన్న బండి మీది; కింది ఆర్ముల అసమకేంద్ర బోల్టులు తిప్పితే నాలుగు చక్రాలకూ క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలే కోణం) మారుతుంది, వెనక టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా వాటితోనే మారుతుంది, ముందు టోను స్టీరింగ్ టై రాడ్ల దగ్గర మార్చాలి. తుప్పు పట్టి ఆ బోల్టులు బుష్‌ల (ఆర్ముల కీళ్లలో ఉండే రబ్బరు ముక్కల) ఇనుప గొట్టాలకు అతుక్కుపోవడమే అసలు కష్టం. వారం ముందు నుంచే రోజూ నూనె పోస్తూ ఉండండి. అప్పటికీ కదలకపోతే కోసి తీయాలి, ఆ పని పడ్డప్పుడు బుష్‌లు కూడా మార్చేసుకోవడం మంచిది. రోడ్డుకూ ట్రాక్‌కూ కలిపి ముందు రెండు డిగ్రీలకు కొంచెం పైగా, వెనక అంతకన్నా కాస్త తక్కువ నెగెటివ్ క్యాంబర్ పెట్టి, ముందు టో సున్నా, వెనక కొద్దిగా లోపలికి పెడితే నాకు టైర్లు సమంగా అరిగాయి.

నా పేరు చూసి సుద్ద ఎందుకని చాలామంది అడుగుతారు. టైరు భుజం మీద, ట్రెడ్ అంచు నుంచి పక్క గోడ మీదికి దిగేలా, బడిలో వాడే సుద్దతో మూడు చోట్ల గీత గీయండి. నాలుగు రౌండ్లు తిరిగి రండి. అంచున ఉండే చిన్న త్రిభుజం గుర్తు దాటి కిందిదాకా సుద్ద చెరిగిపోతే టైరు పక్కకు పొర్లుతోంది, గాలి పెంచాలి; గుర్తుకు చాలా పైనే చెరగకుండా మిగిలితే గాలి ఎక్కువైంది. వేడి మీద ఒత్తిడి కొలిచి పుస్తకంలో రాసుకోండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, రెండు మార్చితే దేనివల్ల ఏం జరిగిందో తేల్చుకోలేరు.


గాలిమర:

ఇక్కడ టర్బో పక్షాన నేనొక్కడినే ఉన్నట్టున్నాను, కాబట్టి కొంచెం వాదిస్తాను. నా 1.6 బండికి టర్బో పెట్టి ఆరేళ్లయింది. రోడ్డు మీద దాని ఆనందం వేరు, శక్తి చివర్లో చూసుకోవచ్చని చెప్పేవారు ఆ ఆనందాన్ని కొంచెం తేలికగా తీసిపారేస్తున్నారని నాకు అనిపిస్తుంది.

అయినా మీకు ఇప్పుడు వద్దనే చెబుతాను. కిట్ కొంటే పని అయిపోదు. మీ ఇంజిన్‌లో గాలిని కొలిచేది స్ప్రింగుతో తెరుచుకునే చిన్న తలుపు. టర్బో గాలి ఒత్తిడి పెంచాక దానితో ఇంధనం సరిగా అందించడం కష్టం, కాబట్టి ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు), పెద్ద ఇంజెక్టర్లు కావాలి. క్లచ్ జారుతుంది. మీ వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ గేరు ఆరు అంగుళాలది, టార్క్ పెరిగితే అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం. 1994 మోడల్ నుంచి వచ్చిన 1.8 బండ్ల ఏడు అంగుళాలది తెచ్చి వేసుకుంటేనే నిశ్చింత. నేను ఇవన్నీ చేసి కూడా, ట్యూనింగ్ నేనే చేసుకుంటానని పంతానికి పోయి, గాలికి తగినంత ఇంధనం లేకుండా మిశ్రమాన్ని పలచగా వదిలేశాను. ఇంజిన్ విప్పితే మూడు పిస్టన్లు బాగానే ఉన్నాయి, నాలుగో దాని రింగుల మధ్య గట్టు మాత్రం ముక్కలైంది. నాలుగో సిలిండర్ చల్లదనం గురించి పైన చెప్పినది నేను పట్టించుకోలేదు, దాని ఫలితం డబ్బాలో పెట్టి దాచుకున్నాను.

ఇంకో మాట. ఏ భాగమైనా కొనే ముందు మీరు పోటీ చేయబోయే నిర్వాహకుల నిబంధనల పుస్తకం తెప్పించుకుని చదవండి. టర్బో పెట్టగానే చాలా చోట్ల మీరు పూర్తిగా వేరే తరగతిలోకి వెళ్లిపోతారు, అక్కడ మీకు ఎదురయ్యేవి దానికోసమే కట్టిన బండ్లు. అమెరికాలోని స్పెక్ మియాటా లాంటి తరగతుల్లో స్ప్రింగులూ షాకులూ కూడా అందరికీ ఒకటే, టర్బోకు చోటే లేదు. ఇంజిన్ శక్తి మీద బెంగ తీరాలంటే ముందు కంప్రెషన్ పరీక్ష (ప్రతి సిలిండర్‌లో పుట్టే ఒత్తిడిని కొలవడం) చేయించండి. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉంటే, కొత్త ప్లగ్గులు, వైర్లు, ఇంధన ఫిల్టరు, సరైన ఇగ్నిషన్ టైమింగ్‌తో మీరు పోగొట్టుకున్న హార్స్‌పవర్‌లో చాలా భాగం తిరిగి వస్తుంది. ఓపెన్ ఎయిర్ ఫిల్టరు, లావు సైలెన్సరు శబ్దానికి బాగుంటాయి. వాటి గురించి అంతకన్నా రాయడం అనవసరం.


పక్కసీటు:

అందరూ బండి గురించే రాశారు, లోపల కూర్చునే మనిషి గురించి ఒక పేరా రాస్తాను. ఇది పైకప్పు లేని బండి, విండ్‌స్క్రీన్ చట్రం తలకిందులైన బండి బరువును మోయదు. ట్రాక్‌కు మళ్లీ వెళ్లే ముందే సీట్ల వెనక రోల్ బార్ (బండి తలకిందులైతే తలను కాపాడే ఉక్కు గొట్టం) వేయించండి. దాని పై అంచు నుంచి విండ్‌స్క్రీన్ పై అంచుకు ఒక తిన్నని కర్రను ఆనించి, హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న మీ తల ఆ కర్రకు కనీసం ఐదు సెంటీమీటర్లు కిందుగా ఉందో లేదో ఎవరి చేతనైనా చూపించుకోండి. పొడవైన వారు సీటులోని నురుగు తగ్గించక తప్పదు. కొన్ని బార్లు చూడ్డానికి మాత్రమే చేసినవి, వెనక్కి వాలే ఆధారపు గొట్టాలు లేని వాటిని కొనకండి. అలాగని తల చుట్టూ గొట్టాలు తిరిగే పూర్తి కేజ్ వేయించి ఆ బండిలోనే రోజూ పనికి వెళ్లడం కూడా ప్రమాదమే, ఎందుకంటే హెల్మెట్ లేని తలకు చిన్న ఢీలో ఆ ఇనుప గొట్టమే తగులుతుంది. రోజువారీ వాడకం ఉన్నన్నాళ్లు బార్, దాని మీద గట్టి ప్యాడింగ్, కంపెనీ ఇచ్చిన మూడు బిందువుల బెల్ట్ చాలు. హెల్మెట్ మాత్రం మోటార్‌సైకిల్‌ది కాకుండా హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ఇచ్చే ఎస్ఏ గుర్తు ఉన్నది తీసుకోండి. కారు కోసం ఇచ్చే ఆ గుర్తుకు మంటను తట్టుకునే పరీక్ష కూడా ఉంటుంది.


రెండుసీట్లవాడు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సెలవు కావడంతో బండిని స్టాండ్ల మీద ఎక్కించి, మీరు చెప్పినవి ఒక్కొక్కటే చూశాను.

బ్రేక్ ఆయిల్ డికాషన్ కన్నా ఒక మెట్టు నల్లగా ఉంది. కుడి ముందు క్యాలిపర్‌లో కింది స్లైడ్ పిన్ను సుత్తితో కొడితే గానీ రాలేదు. ఆ వైపు లోపలి ప్యాడ్ బయటి దానిలో సగమే మిగిలింది, నేను ఇన్నాళ్లూ చక్రం సందులోంచి బయటి ప్యాడ్ మాత్రమే చూసి సగానికి పైగా ఉందని అనుకున్నాను. టైర్ల మీద అంకెలు 0914. గోరు గుచ్చి చూశాను, గోరే విరిగింది. వెనక కింది ఆర్ముల బుష్‌లు రెండు నిలువునా చీలి ఉన్నాయి. రేడియేటర్ పైభాగం పచ్చగా ఉంది, దాన్ని ఇన్నాళ్లూ ఆ రంగులోనే తయారుచేశారని అనుకున్నాను.

టర్బో, 17 అంగుళాల చక్రాలు జాబితాలోంచి తీసేశాను. బ్రేక్ ఆయిల్, గొట్టాలు, రేడియేటర్, టైమింగ్ బెల్ట్, రోల్ బార్, ఆ తరువాత 15 అంగుళాల చక్రాలూ టైర్లూ, బుష్‌లతో పాటు అలైన్‌మెంట్ అని వరస రాసుకున్నాను. స్ప్రింగులూ షాకులూ నిబంధనల పుస్తకం వచ్చాక చూస్తాను. పుల్లీ మీద గాట్లు ఎనిమిదే ఉన్నాయి.


స్పానర్‌ధారి:

లోపలి ప్యాడ్ సంగతి ఊహించలేదు, మంచి పని చేశారు. ఆ పిన్ను అతుక్కోవడం వల్ల ఆ వైపు లోపలి ప్యాడ్ ఒక్కటే దాదాపు పనంతా చేసి ఉంటుంది, ఆయిల్ మరగడానికి అది కూడా తోడయ్యే ఉంటుంది. రెండు పిన్నులూ కొత్తవి వేయండి, పాతవాటిని రుద్ది పెట్టకండి.

ట్రాక్ నుంచి బయటికి వచ్చే ముందు చివరి రౌండు బ్రేకులు వీలైనంత తక్కువ వాడి నెమ్మదిగా తిరిగి రండి, ఆపిన తరువాత హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి వదలండి. కొత్త చక్రాలు వేసిన రోజున మొదటి విడత తరువాత, అవి చల్లబడ్డాక, నట్లను టార్క్ రెంచితో మళ్లీ చూడండి. ఈ బండికి 90 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య ఉండాలి. చూసిన ప్రతి నట్టు మీదా తెల్ల మార్కరుతో చక్రం దాకా ఒక గీత గీస్తే, రెండో విడత తరువాత వంగి చూస్తే చాలు, ఏది కదిలిందో తెలుస్తుంది.